సొన్నమ్మత్త మూర

నాలుగున్నరకి మార్కెట్ బస్సు హొసకోటలో ఆగుతుంది.
కండక్టర్ నా మూటని కాలితో తోస్తాడు.
తడి గోనెలో ఎనిమిది కిలోల కాకడా,
కనకాంబరం, మరువం కట్టలు,
అడుగున ఎవరిదో ఒంటి చెప్పు.

ఇంట్లో బల్బు కింద ముగ్గురు ఆడవాళ్ళు
కాలి బొటనవేలికి దారం చుట్టి కూర్చుంటారు.
ఆరుకల్లా నేను ఎక్సెల్ బండి మీద.
హ్యాండిల్‌కి ఎడమ సంచి అరువు ఇళ్ళది,
కుడి సంచి రొక్కం ఇళ్ళది.
ఎడమకే ఎప్పుడూ బరువెక్కువ,
బండి అటే వాలి పోతుంటుంది.

గేటుకి తగిలించి, రెండుసార్లు హారన్ కొట్టి,
దిగకుండానే వెళ్ళిపోతాను.
ముఖాలకన్నా నాకు గేట్లే బాగా తెలుసు.
డిపో గంగాధరయ్యది ఊగులాడే గేటు,
నర్సు ఫిలోమినాది కుక్క గేటు.
కొత్త లేఔట్‌లో ఒకాయనకి గేటే లేదు,
ఇటుక కింద పెట్టి పొమ్మంటాడు.
పూలని, ఇటుక కింద!

ఆయనే మొన్న అడిగాడు,
మూర అంటే ఎన్ని సెంటీమీటర్లు అని.
నవ్వాను.
సందు తిరిగాక నవ్వు రాలేదు.

కన్నడం ఇళ్ళలో మొళ అంటారు,
బస్టాండు వెనక తమిళం వాళ్ళు ముళం అంటారు,
మేం మూర అంటాం.
మూడూ ఒక్క చెయ్యే.
సొన్నమ్మత్త మోచేతి నుంచి
నడిమివేలి కొస దాకా.

పొట్టి మనిషి. పొట్టి చెయ్యి.
"నీ చేత్తో కొలిస్తే మాకు మిగిలేదేంటి" అని
కొనేవాళ్ళు గొణిగేవాళ్ళు.
ఆమె దారం తెంపబోయి ఆగి
ఇంకో నాలుగు మొగ్గలు వదిలేది.
ఆ నాలుగు మొగ్గలే మా వ్యాపారం.

ఒక వరమహాలక్ష్మి ముందురోజు
మార్కెట్ బురదలో జారి మణికట్టు విరిగింది.
సిమెంటు కట్టు మీదే కొలిచింది.
వేళ్ళు పూర్తిగా చాచలేక
ఆ ఆరు వారాలు ఊరంతా
రెండు వేళ్ళు తక్కువ మూర పెట్టుకుంది.
ఒక్కరూ అనలేదు.

తర్వాత కొలవడం నాకొచ్చింది.
నాది పొడుగు చెయ్యి,
మూరకి పది మొగ్గలు దండగ,
నెలాఖరుకి లెక్కల పుస్తకం మొర పెట్టింది.
అత్తని బతిమాలి బండి సీటు మీద చెయ్యి పెట్టించి
మనవరాలి గోళ్ళ రంగుతో
ఈ కొసొకటి ఆ కొసొకటి గీత గీశాను.
"ఇది బండేరా, తక్కెడా?" అని తిట్టింది.
చెయ్యి మాత్రం కదపలేదు.

ఆషాఢంలో, మూడు రోజుల జ్వరం.
ఇంట్లో ఎవరికీ దారం ముడి పడలేదు.
ఎదురంగడి బాషా, మాతో పోటీ వ్యాపారం,
ఏడేళ్ళుగా పలకని మనిషి,
గులాబీ హారం పట్టుకొచ్చి
ఆమె మీద వేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.
పైసా అడగలేదు.
సిగ్గులేని చెయ్యి నాది, ఆ హారాన్నీ కొలిచింది.
నాలుగు మూరలకి జానెడు ఎక్కువ.

మర్నాడు శుక్రవారం.
గేట్లకి మైల తెలీదు.
బస్సు నాలుగున్నరకే వచ్చింది.

వానకి గోళ్ళ రంగు పెచ్చులూడుతుంది.
నెలనెలా మళ్ళీ పూస్తాను,
ప్రతిసారీ వెంట్రుకంత అటో ఇటో.
అత్త చెయ్యి పెరుగుతోందో
తరుగుతోందో నాకే తెలీదు.
పెట్టుకునేవాళ్ళకి అసలే తెలీదు,
ఏ జడలో ఎంత చెయ్యి ఉందో.

లేఔటాయనకి సెంటీమీటర్లు చెప్పలేదు.
టేపు తెస్తే అదొక్కటీ బయటపడుతుంది,
ఆ తర్వాత అది ఎవరి చెయ్యీ కాదు.
సీటు మీద పరిచి, గీత దాటించి,
నాలుగు మొగ్గలు వదిలి తెంపాను.

ఇంకా ఇటుక కిందే పెట్టమంటున్నాడు.