తడి తాడు

దెగ్లూరు పరగణా. పొద్దుగాల కొలత.
జనుపతాడు ఒక కొస నా చేతిల,
మంచుకు తడిసి మూరెడు గుంజుకుంది.
తాడు పొట్టిదైతే చేను పెద్దదైతదని
లసుమవ్వకు ఎవలూ చెప్పలే.
నేనూ చెప్పలే.

తాడొద్దు, ఇనుప కడాల వెదురుగడతోనే కొలువుండ్రని
పాదుషా ఫర్మానా వచ్చి రెండేండ్లు.
అమీను ఖైరుల్లా దాన్ని కండ్లకద్దుకొని
పారసీల చదివిండు.
దేశ్‌పాండ్యా మరాఠీలకు దించిండు.
మా తెలుగోళ్ల వాడకు వచ్చేటాలకు
మిగిలింది ఒక్కటే మాట:
కట్టు.

"ఏం కట్టాలె? ఎడ్లనా, పైకమా?"
లసుమవ్వ నవ్వింది. అమీను నవ్వలే.

పగటీలికి తాడు ఎండి మళ్ల సాగింది.
చుట్ట చుట్టి భుజాన ఏసుకున్న.
కాయితంల లెక్క మాత్రం
పొద్దుగాలదే.