ఒక వేలు, రెండు వేళ్లు

ఎంజీఎంల స్కానింగ్ గది నా డ్యూటీ.
నల్లపూసలు, కాళ్ల పట్టీలు, జేబుల చిల్లర
అన్నీ విప్పించి డబ్బాల పెట్టిస్త.
నవ్వును మాత్రం ఎవరూ విప్పి ఇయ్యరు,
అది లోపలికే వస్తది.

పరకాల నుంచి ఒక పిల్ల వచ్చింది, నాలుగేండ్లది.
రోజుకు పది పన్నెండుసార్లు నవ్వుతదట,
ముద్ద నోట్ల ఉన్నా, నడినిద్రల ఉన్నా.
కొన్నాళ్లు ఇంటిల్లిపాది మురిసిండ్రు.
నాయినమ్మ దిష్టి కూడ తీసింది.
తల్లే ముందు భయపడ్డది:
"నోరు నవ్వుతది మేడం, కండ్లు నన్ను పట్టుకుంటయి."
తెర మీద, మెదడు అడుగున,
ఆకలి దూప చూసుకునే చోటుకు ఆనుకొని
శెనగ్గింజంత బుడిపె.

ఆ రాత్రి డాక్టరు చాయ్ తాగుకుంట చెప్పిండు:
ఫొటోకు నవ్వే నవ్వు ఒక తోవల వస్తది,
నవ్వొచ్చి నవ్వేది ఇంకో తోవల.
కింద, మెదడు కాడ దగ్గర రెండూ కలిసి
ఊపిరిని ముక్కలు ముక్కలు చేసి బయటికి తోస్తయి.
పైనుంచి ఒక పోగు పట్టుకొని ఉంటది
చావింట్ల, బడిల, అత్తగారి ముందట
"ఇప్పుడు గాదు" అని.

మా పెద్దబాపుకు ఆ పోగే తెగింది.

కొత్తవాడల నలభై ఏండ్లు జంపఖానాలు నేసిండు.
పోగు తెగితే చూడకుంటనే వేలుతోటి దొరకబట్టి
ముడేసేటోడు.
పక్షవాతమొచ్చి కుడిచెయ్యి, సగం మాట పోయినయి.
"నవ్వు, పండ్లు చూపియ్యి" అంటే
మూతి ఒక దిక్కే పోతది.
పెద్దమ్మ మీద బల్లి పడ్డనాడు మాత్రం
రెండు దిక్కులా నిండుగ నవ్విండు.
రెండు తోవలు అనుకున్న నేను.

తర్వాత పిలవని నవ్వులు మొదలైనయి.
కరెంటు బిల్లు చూసి. టీవీల వరద చూసి.
రాజవీరు పోయిననాడు,
పక్కపక్క మగ్గం గుంతలల్ల కాళ్లు పెట్టి ముసలోళ్లైనోళ్లు ఇద్దరు,
శవం ముందట కుర్సీల కూసొని
పెద్దబాపు పగలబడి నవ్విండు.
భుజాలు ఊగుతున్నయి, కండ్లల్ల నీళ్లు, ఆగదు.
పెద్దమ్మ తువ్వాల అడ్డం పెట్టింది.
ఎవరో "సిగ్గులేదా" అన్నరు.
డప్పు ఆగింది.

రాజవీరు పెండ్లాం కనకలచ్చుమి తలెత్తి చూసింది.
మూతి కొస అదిరింది.
నవ్వు చెవిల పడితే చాలు
మంచి మెదడు లోపల్లోపల తయారైతదట,
రోగం నవ్వా, అసలుదా అని అడుగదట.
కొంగు నోట్ల కుక్కుకొని ఆమె నవ్వింది.
అది ఎక్కడ ఏడుపైందో
పక్కన కూసున్న నాకే తెలువలే.

ఇంటికొచ్చినంక పెద్దబాపు
ఎడమచేత్తోటి పలక మీద గీసిండు:
నే ను గా దు.

అప్పటిసంది ప్రతి నవ్వుకూ పెద్దమ్మ అడుగుతది
"ఇది నీదేనా?"
నాదే అంటే ఒక వేలు. కాదంటే రెండు.
మందులు పడ్డంక రెండు వేళ్లు తగ్గినయి.
ఒక్క వేలు కూడ తగ్గింది, ఆ సంగతి ఆమె డాక్టరుకు చెప్పలే.

మొన్న సోమవారం పొద్దుగాల
పక్కింటి మేకపిల్ల రంగు గాబుల పడి
సగం ఎర్రగ లేచి, నల్లా బిల్లుకొచ్చినాయన
తెల్లప్యాంటుకు ఒళ్లు రుద్దుకున్నది.
పెద్దబాపు నవ్విండు.
పెద్దమ్మ పిండి చేతులతోటే ఉరికొచ్చి అడిగింది.
చెయ్యి లేపిండు.
చెయ్యంతా ఊగుతున్నది,
ఎన్ని వేళ్లో
లెక్క దొరకలే.