బ్రేకులో గాలి

డబ్బో ఊరి చివర షెడ్డు.
జూలై చలికి పైకప్పు రేకులు టిక్కుటిక్కుమంటున్నాయి.
చిన్న స్కూలు బస్సు కింద వెల్లకిలా మెర్విన్,
పైన సీట్లో నేను, పెడల్ మీద కాలు.

"నొక్కు" అంటాడు.
నొక్కుతాను.
"పట్టుకో."
పట్టుకుంటాను.
కింద స్పానరు కిర్రుమంటుంది.
గొట్టంలోంచి సీసాలోకి డికాషన్ రంగు ఆయిలు,
దాని వెంటే పెసరగింజంత బుడగ.
"వదలకు! బిగించేదాకా వదలకు!"

ఎందుకంత కేక అని మొదటి వారం అడిగాను.
ఆయిలుకి ముడుచుకోవడం చేతకాదు, అన్నాడు.
నీ కాలు ఇక్కడ ఏం చెప్పిందో
నాలుగు చక్రాల దగ్గరా అదే చెబుతుంది,
సందూ గొందూ వదలదు.
గాలి అలా కాదు.
ఎంత నొక్కినా సరేనంటుంది,
తనలోకి తాను నక్కుతుంది,
కబురు మాత్రం చేరవేయదు.

పదింటికి ఫోను.
స్పానరున్న చేత్తోనే ఎత్తాడు.
"ఆఁ, సరే. చూస్తాలే. సరే సరే."
ఆస్పత్రి కవరు వారం నుంచీ
అతని జేబులోనే ఉంది, విప్పకుండా,
అంచులకి గ్రీజు పట్టి.

అడుగుదామనుకున్నాను.
మాట గొంతు దాకా వచ్చి
అక్కడే మెత్తగా కుంగిపోయింది.

"నొక్కు."
ఈసారి కాలి కింద పెడల్ రాయిలా నిలబడింది.
"అయింది" అంటూ
బస్సు కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చి,
చేతులు తుడుచుకునే గుడ్డ కోసం
జేబు తడిమాడు.

చెయ్యి అక్కడే ఆగింది.