పదమూడో బోరు

బల్ల మీద మూడు గోడలు, కాగితంవి.
ఒకటి కాంక్రీటు దిమ్మల గోడ. బరువే దాని బలం,
కూచుని సముద్రాన్ని ఆపుతుంది.
రెండోది ఉక్కు రేకు, మట్టిలోకి దించి
వెనక్కి కడ్డీలతో లాగి కట్టింది,
గుంజకి కట్టిన గుర్రంలా ఆ బిగువు మీదే నిలబడాలి.
మూడోది స్తంభాల మీద పలక. కింద నీళ్లు వచ్చిపోతుంటాయి.
దిమ్మల గోడకే ఖర్చు తక్కువ.
శాంటియాగో నుంచి వచ్చినాయన వేలు
ఆ అంకె మీంచి లేవడం లేదు.

నేను మట్టి పెట్టె తెరిచాను. పదమూడో బోరు.
గొట్టం జానెడు దిగడానికి ఎన్ని సుత్తి దెబ్బలో
సంచుల మీద రాసి ఉంది:
నాలుగు. ఆరు. ఐదు. మళ్లీ నాలుగు.
ఇరవై రెండు మీటర్ల దాకా
దేనికీ ఎదురు చెప్పని బూడిదరంగు ఇసుక.
ఆ కింద, ముప్పై తొమ్మిది.
సుత్తికి మొదటిసారి జవాబు దొరికింది అక్కడే.

ఎలియోడోరో కన్యుపాన్‌ని ఎవరూ పిలవలేదు.
పాత రేవులో ముప్పై ఏళ్లు క్రేన్ నడిపినవాడు.
టోపీ తియ్యలేదు, కాగితాలు చూడలేదు.
"ఆ రాత్రి నేను పైన క్యాబిన్లో ఉన్నా.
గోడ పడలేదు, సెన్యోరా. నడిచింది.
మీటరున్నర, సముద్రం వైపు, ఎవరో పిలిచినట్టు.
నా పట్టాలు రెండూ ఎడమైపోయాయి.
వెనక యార్డులో ఇసుక ఉడికి నీళ్లు కక్కింది.
ఒక కంటైనర్ నిండా ఆపిల్ పళ్లు..."
ఆగాడు.
"వారం రోజులు రేవంతా అదే వాసన."

"స్తంభాలైతే?" అన్నాడు శాంటియాగో ఆయన.
ఊగుతాయి, అన్నాను.
ఊగాలనే లెక్క కడతాం.
కొన్ని పగులుతాయి కూడా. ఎక్కడ పగలాలో ముందే చెప్పుకుంటాం,
మర్నాడు పడవేసుకెళ్లి చూడగలిగే చోట.

పద్దెనిమిది శాతం ఎక్కువ.
ఆ మాట గదిలో చాలాసేపు కూచుంది.

ఎలియోడోరో పెట్టె మీద వంగి
నాలుగు దెబ్బల ఇసుక, ఇంకా తడారనిది,
ముద్ద తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.
రెండో చేత్తో ఆ చేతిని తట్టాడు. తట్టాడు.
ముద్ద పైకి నీటి తళుకు తేలింది.
ఎవరికీ చూపించలేదు. నాకు కనిపించింది.

నిర్ణయం శుక్రవారానికి వాయిదా.

సాయంత్రం పాత గోడ దాకా నడిచాను.
అంచు పొడుగునా పెలికన్లు వరసగా కూచుని ఉన్నాయి,
మధ్యలో, సముద్రం వైపుకి, పొట్టలా ఉబ్బిన
ఆ వంకరని
ఒక్కటీ తప్పకుండా.