పది పేజీల నమూనా

పర్లాకిమిడి కోర్టు వెనక నెట్ సెంటర్‌లో
పొద్దుట్నుంచి ఇతరుల దరఖాస్తులు నింపుతాను.
నర్సింగుకి ఒకమ్మాయిని, ఐటీఐకి ఇద్దర్ని,
సైన్యానికి, బరువు చాలని ఒక కుర్రాణ్ణి
పంపించి, షట్టర్ సగం దించి
అప్పుడు నాది తెరుస్తాను.

కథలు రాయడం నేర్పే యూనివర్సిటీ.
అలాంటిదొకటి ఉంటుందని తెలిసిన రోజు
జెరాక్సు మిషన్లో కాగితం ఇరుక్కున్నా నవ్వొచ్చింది.

వెతికితే ఐదు దొరికాయి.
ఒకటి ఇంగ్లీషులోనే కల కనమంటుంది.
ఒకదాని ఫీజు మా నాన్న చెక్కే కొమ్ము కొంగల్లో లెక్కేశాను,
నాలుగు వేల పైచిలుకు.
అన్ని కొంగలు ఏ చెరువూ చూసుండదు.
ఇంకోదాంట్లో మేష్టర్ల ఫోటోలు పెద్దవి, రాతలు కనపడవు.
ఒకటి ఫోనెత్తదు.
మిగిలినదే మంచిదనుకున్నాను.
ఫోనెత్తినావిడ పెట్టేసే ముందు
"ఏం రాస్తున్నావమ్మా?" అంది.
అందరూ ఏం చదివావనే అడిగారు.

అమ్మకి చెప్పాను, పన్నెండుమంది బల్ల చుట్టూ కూచుని
ఒకరు రాసింది విప్పి తప్పులెంచుతారని,
దాన్ని వర్క్‌షాపంటారని.
"ఓలమ్మ, దానికి డబ్బులెందుకే,
మన కుళాయికాడ రోజూ ఊరికినే సేస్తన్నారు కదా."
నాన్న మాత్రం ఆకురాయి ఆపాడు.
"కొమ్ము కాల్సేటప్పుడు పక్కనుంటారా,
ఇరిగాక వొచ్చి సెప్తారా?"
ఆ ప్రశ్న ఉన్నదున్నట్టు ఆవిడకి పంపాను.
జవాబింకా రాలేదు.

ఈలోగా పది పేజీల నమూనా కావాలి, తెలుగులో.
నా దగ్గర మూడు నోటుబుక్కులున్నాయి. తెలుగే,
ఒడియా అక్షరాల్లో.
బళ్లో దిద్దింది అది, ఇంట్లో ఉడికింది ఇది,
రెంటికీ ముడేసింది నేనే. ఎవర్నీ అడగలేదు.
రెండొడ్లలోనూ రేషన్ కార్డున్న మా మేనత్త తవిటమ్మ
ఏ ఒడ్డున పోయిందో తేల్చుకోలేని
రెండు రిజిస్టర్ల కథ అది.

మిషను చిటికెలో మార్చిపెడుతుంది. మార్చి చూశాను.
ఒడియాలో వ, బ ఒకే గుడిసెలో ఉంటాయి కదా,
తవిటమ్మ కాస్తా తబిటమ్మయి లేచి కూచుంది.
అత్త బతికుంటే తెరనే తిట్టేది.
అందుకని చేత్తో.

తెలుగక్షరాలు నేను బస్సుల దగ్గర నేర్చుకున్నాను.
వంతెన దాటితే పాతపట్నం.
ఆదివారాలు బస్సులాగే చోట నిలబడి
టెక్కలిలో ట, హిరమండలంలో హ పట్టుకున్నాను.
మెళియాపుట్టి ళ ఇచ్చింది.
ఇచ్ఛాపురం బోర్డు వెలిసిపోయి
ఛ కోసం మూడు వారాలు తిరిగాను.
పెయింటు అక్షరంలో కుంచె ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో
దగ్గరికెళ్తే కనిపిస్తుంది.
వేలితో గాల్లో దిద్దుకుంటుంటే
కండక్టరు "ఎక్కవేమమ్మా?" అంటాడు.
చదువుకుంటున్నానని ఎలా చెప్పడం?

తొమ్మిది పేజీలు దించేశాను.
పదోదాంట్లో, అత్త కొడుకు మహేంద్రతనయ ఇసకలో
రెండు కార్డులూ చేత పట్టుకుని కూచున్న చోట,
దుఃఖం అని రావాలి.
ఏ బస్సూ ఆ ఊరికి వెళ్లదు.

ఖ తెర మీద కనిపిస్తుంది, నిజమే.
రోజూ నేను నింపే దరఖాస్తులో ఉన్నదీ అదేనట.
కానీ చెయ్యి ఎక్కణ్ణుంచి బయల్దేరాలో తెర చెప్పదు.
మధ్యలో ఆ రెండు సున్నాలు మాత్రం వచ్చు.
ఒడియాలోనూ అవే, ఒకదాని మీద ఒకటి.
ముందు అవి పెట్టేశాను,
పక్కన ఒక అక్షరమంత చోటు వదిలి.

గడువు శుక్రవారం.
రేపు వంతెన దాటి
ఆ బోర్డులు రాసే పెయింటరెక్కడుంటాడో కనుక్కోవాలి.
నా ముందు, నెమ్మదిగా, ఒక్కసారి రాయమనాలి.
ఏ ఊరికమ్మా అంటాడు, తప్పకుండా.