ఒక్కరే ఉన్న గుంపు

పేరు, ఊరు, ఈమెయిలు.
సాఫ్ట్‌వేర్ ఇచ్చిన గడులు ఇంతే.
టోర్స్‌హావ్న్ రేవు పక్కన, ఊలు కొట్టులో,
వేళ్ళు కొంకర్లు పోయే చలిలో
మార్యున్ సొంతంగా ఇంకో గడి చేర్చింది:
"ఎవరికోసం అల్లుతున్నారు?"

మనవలకని నూట నలభైమంది.
సముద్రం మీదున్న మొగుళ్ళకని అరవై ఎనిమిది.
వీళ్ళకి ఉప్పుగాలికి వెలవని ముదురు నీలం,
వాళ్ళకి చెంపకి గుచ్చుకోని తెలుపు,
ఒక్క నొక్కుతో ఎవరి కబురు వాళ్ళకి.

హాన్నిస్ గడే నిలకడగా ఉండదు.
నిరుడు "మా ఆవిడకి".
చలికాలం పొడుగునా ఖాళీ.
మొన్న బూడిదరంగు ఉండలు రెండు కొని
టోపీ మీది వాన విదిలించి
"నాకే. నేర్చుకుంటున్నా" అన్నాడు,
ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

రాత్రి తలుపులు వేశాక
"నాకే" అన్నవాళ్ళని వడకట్టింది.
పన్నెండొందల పేర్లలో
ఒక్కటి తేలింది.

తగ్గింపు ధర మాట రాసి, చెరిపేసింది.
కుట్టు జారితే రండి,
గురువారం సాయంత్రాలు తెరిచే ఉంటుంది, అని రాసింది.

పంపబోతే తెర మీద హెచ్చరిక:
ఈ గుంపులో ఒక్కరే ఉన్నారు. పంపమంటారా?

పొయ్యి మీద కాఫీ పొంగిపోయింది.

ఇన్నేళ్ళూ గురువారం
ఆ కొట్టుకి సెలవు.