జేబులు

మత్రాలో మా బాపు ఇస్త్రీ దుకాణం
ఓడల కూత వినబడేంత దగ్గర,
సముద్రం మాత్రం కనబడదు.
వేసవి సెలవులంటే నాకు
ఆవిరి, గంజి వాసన,
ఫ్యాను కిందికి జరుపుకున్న స్టూలు.

జేబులు వెతకడం నా పని.
రియాలు దొరికితే బాపు చేతికి,
కాగితం దొరికితే
బట్టల నంబరు వేసి బిస్కెట్ల డబ్బాలోకి.
"చదవకు, మందిది" అనేవాడు బాపు.
మడత విప్పకుండా నంబరెక్కడ వేస్తారు?

అట్లా మొదలైంది.
మందుల చీటీ. కోడిగుడ్ల బాకీ.
సిమెంటు రసీదు మీద అరబ్బీ అంకెలు:
మన సున్నా వాళ్లకు ఐదు,
వాళ్ల సున్నా ఒట్టి చుక్క.
బ్యాంకు గుమాస్తా చొక్కాలో
ఇంగ్లీషులో సగం రాసి ఆపిన రాజీనామా.
మిగతా సగం ఏమై ఉంటుందని
రెండు రాత్రులు నిద్రపోలేదు నేను.
ఆయన మాత్రం అదే టై కట్టుకుని
అదే ఉద్యోగానికి పోతూనే ఉన్నాడు.

బడిలో తెలుగు లేదు.
ఇస్త్రీ బల్ల మీది దుప్పటి పైన
దర్జీ సుద్దతో అమ్మ దిద్దించింది.
గిరాకీ వస్తే అరచేత్తో ఒక్క దులుపు,
అ నుంచి ఱ దాకా గాలిలో.

ఒకసారి ఓదెన్న ప్యాంటు నా కన్నుగప్పి
మిషన్లో పడింది.
నీలం ఉత్తరం
ఉతికి, పిండి, ఆరి, అప్పడమై వచ్చింది.
శుక్రవారం తీరిగ్గా చదివించుకుందామని
దాచుకున్నాడట.
బాపు మొహానికి గంజి పెట్టినట్టయింది.
"పోనియ్. ఉన్నకాడికి సదువు బిడ్డా,"
నా స్టూలు ముందు గొంతుక్కూర్చున్నాడు ఓదెన్న.

నాకు తొమ్మిదేళ్లు.
'మేక' అని ఉంది.
ఈనిందో చచ్చిందో కరిగిపోయింది.
ఈనింది, అన్నాను. రెండు పిల్లలు.
'మొన్నటి వానకు'
గోడ పడలేదు, అన్నాను.
'పెద్దోడు', ఆ తర్వాత పెద్ద మరక.
సైకిలు నేర్చుకున్నాడు, అన్నాను.
'చెప్పొద్దన్నది గని' దగ్గర
ఎంతకీ ఏమీ తోచలేదు.
ఇక్కడ పోయింది కాకా, అన్నాను.
మొత్తం ఉత్తరంలో
ఉన్నదున్నట్టు నేను చదివింది అదొక్కటే.
ఆ మరకనే చాలాసేపు చూశాడు, చదువు రాని ఓదెన్న.

వారం వారం వచ్చేవాడు. మళ్లీ సదువు, మళ్లీ సదువు.
ఒక శుక్రవారం పొరపాటున మూడు పిల్లలన్నాను.
"రెండే గద బిడ్డా?"
ఆ రాత్రి డబ్బా మూత లోపల
పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను:
రెండు. గోడ. సైకిలు.

మరో ఉత్తరం ఉతకకుండా తెచ్చాడు.
మేకను అమ్మేశామని ఉంది, స్పష్టంగా, నల్ల సిరాలో.
పిల్లల ఊసే లేదు.
నాకు చెవులు వేడెక్కాయి.
ఓదెన్న గొంతు తగ్గించి అడిగాడు,
"మరి పిల్లలను అమ్మిండ్రా, ఉంచుకుండ్రా?"
బాపు ఇస్త్రీ పెట్టె ఆపాడు.

ఉంచుకున్నారు, అన్నాను.

ఇప్పుడు మంచం కింద కూడా పుస్తకాలే.
కొత్తదైనా పాతదైనా చేతికి రాగానే
ముందు బోర్లించి దులుపుతాను.
ఒకసారి బస్సు టికెట్టు రాలింది,
ఒకసారి ఎండిన కరివేపాకు.
ఎక్కువసార్లు ఏమీ రాలదు.
అప్పుడిక స్టూలు ఫ్యాను కిందికి జరుపుకుని
మొదటి పేజీ తీస్తాను.
ఆమె చెప్పొద్దన్నదేమిటో
ఎందులోనో ఉండకపోదు.